నల్లగొండలో గ్లాస్ ఎలివేషన్: మూడు అద్దాలకు ఒక సిలికాన్ ట్యూబ్ సరిపోతుందా?

పానగల్లు_రోడ్డు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ రోడ్డులో మా సొంత జాగాలో గ్రౌండ్ ప్లస్ త్రీ కమర్షియల్ బిల్డింగ్ కడుతున్నాం. స్లాబులు అయిపోయాయి, ఇప్పుడు ముందు భాగం గ్లాస్ ఎలివేషన్ దగ్గర ఆగాం. పడమర ముఖం. ఒక్కో అద్దం 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు, 6 మి.మీ. టఫెండ్ రిఫ్లెక్టివ్. బయటికి అల్యూమినియం కనపడకుండా మొత్తం గ్లాసే ఉండాలని ఇంట్లో వాళ్ల పట్టుదల.

రెండు కొటేషన్లు వచ్చాయి. హైదరాబాద్ పార్టీ స్ట్రక్చరల్ సిలికాన్ అని విడిగా రాసి రేటు ఎక్కువ వేశారు. మన ఊరి ఫ్యాబ్రికేటర్ తక్కువకు చేస్తానంటున్నాడు. సిలికాన్ గురించి అడిగితే "ఏదైనా ఒకటే సార్, మూడు అద్దాలకు ఒక 300 ఎం.ఎల్. ట్యూబ్ పోతది" అన్నాడు. కింద ఫుట్‌పాత్ మీద టీ బండి, పక్కనే బస్సులు ఆగుతాయి. నిజంగా సిలికాన్‌లో అంత తేడా ఉంటుందా, లేక పేరు చెప్పి డబ్బులు గుంజడమా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట_కాంట్రాక్టర్

అన్నా, టెన్షన్ పడకు. మా సూర్యాపేటలో పదిహేనేళ్ల కిందట పెట్టిన గ్లాసులు ఇప్పటికీ అట్లనే ఉన్నాయి. అన్నీ మామూలు ట్యూబులే. ఒక్కటి కూడా కింద పడలేదు. హైదరాబాద్ వాళ్లు ప్రతిదానికీ ఒక ఇంగ్లిష్ పేరు పెట్టి రేటు పెంచుతారు.

మిర్యాల_హార్డ్‌వేర్ (మిర్యాలగూడ)

నాది హార్డ్‌వేర్ షాపు, సిలికాన్ అమ్మేవాడిని కాబట్టి చెబుతున్నా. కౌంటర్ మీద ఎక్కువగా పోయేది ఎసిటిక్ రకం. గన్‌తో వత్తగానే వెనిగర్ వాసన ముక్కుకు కొడుతుంది. వాష్ బేసిన్ పక్కన, ఆక్వేరియంకి, కిటికీ సందులకి అది బాగానే పనిచేస్తుంది. కానీ అది ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. దానివల్ల అద్దం వెనక వెండి పూత నల్లబడుతుంది, లామినేటెడ్ గ్లాస్ మధ్య పొర దెబ్బతింటుంది, మార్బుల్ మీద, సిమెంట్ మీద సరిగ్గా పట్టదు. రిఫ్లెక్టివ్ గ్లాస్ అంటున్నారు కాబట్టి మీ దగ్గరికి ఆ ట్యూబ్ రానివ్వకండి.

ఇంకో మాట. ఆ వెనిగర్ వాసన రాకపోతే న్యూట్రల్, అంటే యాసిడ్ వదలని రకం అని అర్థం, అంతవరకే. న్యూట్రల్ అయినంత మాత్రాన స్ట్రక్చరల్, అంటే అద్దాన్ని పట్టుకుని భారం మోసే రకం కాదు. ఇది కస్టమర్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతుంది.

పానగల్లు_రోడ్డు

మరి స్ట్రక్చరల్ అని ఎట్లా గుర్తుపట్టాలి సార్? ట్యూబ్ మీద రాసి ఉంటుందా?

దేవరకొండ_ఫసాడ్ (ఊరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

ఫసాడ్ డిజైన్, అంటే బిల్డింగ్ ముందు భాగం డిజైన్ చేయడం నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు సూర్యాపేట అన్న మాట. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ పాత బిల్డింగులు ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. అద్దం చుట్టూ బయట అల్యూమినియం పట్టీ స్క్రూలతో బిగించి ఉంటుంది, మనవాళ్లు క్యాప్ అంటారు. అక్కడ అద్దాన్ని పట్టుకున్నది ఆ పట్టీ. సిలికాన్ పని నీళ్లు లోపలికి రాకుండా చూడడం మాత్రమే. ట్యూబ్ పాడైతే చెమ్మ వస్తుంది కానీ అద్దం ఊడదు.

పానగల్లు రోడ్డు గారు అడుగుతున్నది వేరు. బయట అల్యూమినియం కనపడకూడదు అంటే నాలుగు వైపులా అద్దం వెనకవైపు నుంచి సిలికాన్‌తో ప్రొఫైల్‌కు, అంటే అల్యూమినియం ఫ్రేముకు అతికి ఉంటుంది. గాలి బయటికి లాగినప్పుడు ఆ లాగుడు మొత్తం మోసేది సిలికానే. వేరే ఆధారం లేదు. ఈ నాలుగు వైపుల పద్ధతి కొత్తదేం కాదు, 1971లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక బిల్డింగ్‌కి ఇట్లా మొదటిసారి చేశారు. ఆరుబయట ఎండకు, అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి తట్టుకుంటుంది కాబట్టి ఈ పనికి సిలికాన్ ఒక్కటే ఒప్పుకుంటారు. పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ గానీ, పాలీసల్ఫైడ్ గానీ ఇక్కడ పనికిరావు.

ఇప్పుడు లెక్క. గాలి ఒత్తిడి పాస్కల్స్‌లో, అద్దం చిన్న వైపు మీటర్లలో తీసుకుని గుణించండి, సగం చేయండి, 1,38,000తో భాగించండి. వచ్చేది ప్రొఫైల్ మీద సిలికాన్ అంటుకోవాల్సిన వెడల్పు, మీటర్లలో. దీన్నే బైట్ అంటాం. 1,38,000 పాస్కల్స్ అంటే 20 పీఎస్ఐ, స్ట్రక్చరల్ సిలికాన్‌కు డిజైన్‌లో అనుమతించే ఒత్తిడి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సి1184 ప్రకారం ఆ సిలికాన్ కనీసం 345 కిలోపాస్కల్స్ తట్టుకోవాలి. అందులో 138 మాత్రమే వాడుకుంటాం, అంటే రెండున్నర రెట్ల కుషన్.

మీ అద్దానికి 1,500 పాస్కల్స్ అనుకుందాం. 1500 × 1.2 × 0.5 = 900. దాన్ని 1,38,000తో భాగిస్తే 6.5 మి.మీ.

ఇది గాలికి మాత్రమే. అద్దం బరువు కింద సెట్టింగ్ బ్లాక్ (అద్దాన్ని మోసే చిన్న దిమ్మ) మీద కూర్చోకుండా సిలికాన్ మీదే వేలాడితే ఇంకో లెక్క చూడాలి. ఎప్పుడూ ఉండే బరువుకు అనుమతి 7 కిలోపాస్కల్స్ మాత్రమే, అంటే గాలికిచ్చిన దాంట్లో ఇరవయ్యో వంతు. 6 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 15 కిలోలు, మీ అద్దం 2.16 చదరపు మీటర్లు, మొత్తం 32 కిలోల పైనే. చుట్టుకొలత 6 మీటర్లు. లెక్కేస్తే 7.6 మి.మీ. బైట్ కావాలి. అందుకే 8 మి.మీ. పెట్టుకోండి. రేపు ఎండకు తట్టుకోలేక డబుల్ గ్లాస్ వేద్దామనుకుంటే, 6+12+6కి (రెండు 6 మి.మీ. అద్దాలు, మధ్య 12 మి.మీ. ఖాళీ) బరువు రెట్టింపు, బైట్ 15 మి.మీ.కి పోతుంది. అప్పుడు బ్లాకులు లేకుండా ఆలోచించనే వద్దు.

అద్దానికీ ప్రొఫైల్‌కీ మధ్య మందం 6 మి.మీ. కంటే తగ్గకూడదు. అల్యూమినియం వేడికి అద్దం కంటే రెండున్నర రెట్లు ఎక్కువ సాగుతుంది. 50 డిగ్రీల తేడాకు 1.8 మీటర్ల ఎత్తులో రెండింటి మధ్య 1.3 మి.మీ. జరుగుడు వస్తుంది. సిలికాన్ పలుచగా ఉంటే ఆ జరుగుడుకు చిరుగుతుంది.

అసలు ప్రశ్నకు వస్తా. 8 మి.మీ. బైట్, 6 మి.మీ. మందం, చుట్టూ 6 మీటర్లు: ఒక్క అద్దానికి 288 ఎం.ఎల్. అంటే ఒక అద్దానికే దాదాపు ఒక ట్యూబ్. మూడు అద్దాలకు ఒక ట్యూబ్ అంటే అద్దానికి 100 ఎం.ఎల్., 6 మి.మీ. మందంలో బైట్ 2.8 మి.మీ. మాత్రమే వస్తుంది. మీ ఫ్యాబ్రికేటర్ ఏ బ్రాండ్ వాడతాడనేది తర్వాతి సంగతి. ఆయన ఏం చేయబోతున్నాడో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది.

పానగల్లు_రోడ్డు

సార్, కాగితం మీద వేసి చూశాను. నాకూ 288 వచ్చింది. నోట మాట రావట్లేదు.

సూర్యాపేట_కాంట్రాక్టర్

క్యాప్ సంగతి ఒప్పుకుంటా, మావన్నీ క్యాప్‌లవే. కానీ 1,500 పాస్కల్స్ ఎక్కడి నుంచి తెచ్చారు? నల్లగొండలో తుపాన్లు వస్తాయా?

దేవరకొండ_ఫసాడ్

మంచి ప్రశ్న. గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 ఎడిషన్‌లో హైదరాబాద్‌కు బేసిక్ గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే 1,160 పాస్కల్స్ చిల్లర. దానికి ఎత్తు, చుట్టుపక్కల కట్టడాలు, బిల్డింగ్ ఆకారం బట్టి గుణకాలు పడతాయి. మూలల దగ్గర లాగుడు ఎక్కువ ఉంటుంది కాబట్టి అక్కడి అద్దాలకు విడిగా చూస్తాం. 1,500 అనేది లెక్క అర్థం కావడానికి వేసిన అంకె. అసలు అంకె మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ నల్లగొండకు మ్యాప్ చూసి రాసివ్వాలి. 2,000 వస్తే బైట్ 8.7, అంటే 9 మి.మీ. అవుతుంది.

తుపాను అక్కర్లేదన్నా. మే నెలలో సాయంత్రం లేచే గాలిదుమారానికి రేకుల షెడ్లు లేచిపోవడం మీరు చూడలేదా?

పాలమూరు_అల్యూమినియం (మహబూబ్‌నగర్)

మేం పనిచేసేవాళ్లం, మా వైపు నుంచి కూడా వినండి. లెక్కలు పైన సార్ కరెక్టుగానే చెప్పారు. కానీ లెక్క ప్రకారం వేసినా ఊడిపోయే పనులు నేను చాలా చూశా. కారణం ఎప్పుడూ ఒకటే, తుడవకపోవడం.

మన దిక్కు దుమ్ము మామూలుగా ఉండదు. ప్రొఫైల్ పొద్దున తుడిచి పెడితే మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. తెల్లటి కాటన్ గుడ్డలు రెండు కావాలి. ఒకటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడవాలి, అది ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. రంగుల షాపులో దొరికే థిన్నర్‌తో తుడిచేవాళ్లున్నారు, అది పైన జిడ్డు పొర వదిలిపెడుతుంది. ఇక బోరు నీళ్లు అయితే అసలే వద్దు. నల్లగొండ అయినా పాలమూరు అయినా మన బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మిగులుతుంది. సిలికాన్ ఆ ఉప్పుకు అంటుకుంటుంది, అల్యూమినియంకు కాదు.

తుడిచిన చోట గంటలోపు సిలికాన్ పడాలి. మళ్లీ దుమ్ము పడితే మళ్లీ తుడవాలి. కుర్రాళ్లకు ఇది చెబితే నవ్వుతారు. నిలబడి చేయించాల్సిందే.

ఇంకా ఎండ. పడమర గోడ అంటున్నారు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి ప్రొఫైల్ మీద చెయ్యి పెట్టలేం. కంపెనీ షీట్లు చాలావాటిలో అతికించే ఉపరితలం 50 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. పొద్దున పని ముగించాలి. ట్యూబులు రేకుల షెడ్లో పెట్టొద్దు. చల్లటి గదిలో పెట్టాలి, పెట్టె మీద ఎక్స్‌పైరీ డేట్ చూడాలి. గడువు దాటినవి సగం ధరకు దొరుకుతాయి, అవి ఎక్కడికి పోతున్నాయో చెప్పక్కర్లేదు.

సివిల్_ఫైనలియర్

అన్నా ఒక డౌట్. ఎండలో త్వరగా ఆరుతుంది కదా, మంచిదే కదా?

పాలమూరు_అల్యూమినియం

కాదు తమ్ముడూ. ఒకే ట్యూబ్‌లో వచ్చే సిలికాన్ ఎండకు ఆరదు, గాలిలో తేమ తీసుకుని గట్టిపడుతుంది. పైనుంచి లోపలికి పోతుంది, రోజుకు 2, 3 మి.మీ., లోతుకు పోయేకొద్దీ ఇంకా నెమ్మది. మన ఎండాకాలం గాలిలో తేమే ఉండదు, అప్పుడు ఆలస్యం అవుతుంది. వేలితో ముట్టుకుంటే పైన గట్టిగా అనిపిస్తుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పూర్తి పట్టు రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు. అప్పటిదాకా అద్దానికి టెంపరరీ క్లిప్పులు ఉండాల్సిందే.

దేవరకొండ_ఫసాడ్

దీనికి ఒక్కటి కలుపుతా. అద్దానికీ ప్రొఫైల్‌కీ మధ్య పెట్టే స్పేసర్ టేప్ కూడా చూడండి. నార్టన్ టేప్ అని మనవాళ్లు పిలిచేది పీయూ ఫోమ్, దాని రంధ్రాల్లోంచి గాలి పోతుంది, వెనకవైపు నుంచి కూడా సిలికాన్‌కు తేమ అందుతుంది. డబ్బులు మిగులుతాయని మామూలు డబుల్ సైడ్ ఫోమ్ టేప్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది.

నాలుగు వైపుల పనికి నేనైతే సైట్‌లో అతికించడానికి ఒప్పుకోను. వర్క్‌షాప్‌లో ఫ్రేముకు అద్దం అతికించి, పట్టు వచ్చాక తెచ్చి బిగించాలి. అక్కడ టూ పార్ట్ వాడతారు, డౌసిల్ 983, సికాసిల్ ఎస్‌జీ-500 లాంటివి. బేస్, క్యాటలిస్ట్ మెషీన్‌లో కలుస్తాయి, లోతంతా ఒకేసారి గట్టిపడుతుంది, గాలి తేమతో పనిలేదు. సరిగ్గా కలిసిందా లేదా అని రోజూ బటర్‌ఫ్లై టెస్ట్ చేస్తారు. కాగితం మధ్యలో కొంచెం వత్తి మడిచి నొక్కి తెరిస్తే తెల్లటి చారలు కనపడకూడదు. సింగిల్ పార్ట్‌లో అయితే డౌసిల్ 995 అందరికీ తెలిసిన పేరు. 791 అనేది బయటి సందులు మూసే వెదర్ సీలెంట్. రెండూ ఒకే కంపెనీ, ఒకేలాంటి సాసేజ్ (రేకు సంచి ప్యాకింగ్). కాబట్టి బిల్లులో కంపెనీ పేరు చూసి ఊరుకోకండి, నంబర్ చూడండి. పాత బిల్లుల్లో డౌ కార్నింగ్ అని ఉంటుంది, 2018లో డౌసిల్‌గా మారింది.

జడ్చర్ల_క్లినిక్

ఈ చర్చ ముందే చదివి ఉంటే బాగుండేది. మా క్లినిక్ ముందు గ్లాస్ పెట్టించి రెండు వానాకాలాలు కూడా కాలేదు, సందుల్లో సిలికాన్ కుంచించుకుపోయి పక్కకు ఊడింది. రిసెప్షన్‌లో బకెట్ పెట్టుకుంటున్నాం. గ్రానైట్ అంచున జిడ్డు మరక కూడా పాకింది. చేసినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ దాని మీదే ఇంకో పొర వేయిస్తే సరిపోతుందా?

మిర్యాల_హార్డ్‌వేర్

కుంచించుకుపోయిందంటే నూనె కలిపిన సరుకు అయి ఉంటుంది మేడమ్. ధర తగ్గించడానికి సిలికాన్‌లో మినరల్ ఆయిల్ కలుపుతారు. కొత్తలో మెరుస్తుంది. ఎండకు ఆ నూనె పోయి గట్టిపడి చీలుతుంది, రాయి మీదికి పాకి మరక చేస్తుంది. పలుచటి ప్లాస్టిక్ కవర్ మీద కొంచెం వత్తి ఒక రోజు ఉంచితే కవర్ ముడతలు పడుతుంది. ల్యాబ్ పరీక్ష కాదు కానీ అనుమానం తీరుతుంది.

పైన ఇంకో పొర వేయిస్తే డబ్బులు దండగ. పాతది కోసి తీసేయాల్సిందే.

పాలమూరు_అల్యూమినియం

అవును మేడమ్, మొత్తం గీకి, తుడిచి, సందులో బ్యాకర్ రాడ్ (ఫోమ్ తాడు) పెట్టి కొత్తది వేయించండి. రాడ్ లేకుండా వేస్తే సిలికాన్ రెండు పక్కలతో పాటు వెనక గోడకు కూడా అంటుకుంటుంది. మూడు దిక్కుల పట్టుకుంటే సాగలేదు, చిరుగుతుంది. సందు 12 మి.మీ. వెడల్పు ఉంటే లోతు 6 చాలు. గ్రానైట్ దగ్గర మరక పడని రకం అని అడగండి, ప్రైమర్ (పట్టు కోసం ముందు పూసే పూత) కావాలా అని కూడా. మీది క్యాప్ ఉన్న గ్లాసేనా? అయితే భయం లేదు, లీకు ఒక్కటే సమస్య.

జడ్చర్ల_క్లినిక్

క్యాప్ ఉంది. ఇప్పుడే బయటికెళ్లి చూసి వచ్చాను.

పానగల్లు_రోడ్డు

అప్‌డేట్. మన ఊరాయనతో కూర్చుని మాట్లాడాను. 288 లెక్క చూపిస్తే మొదట కోపం వచ్చింది, తర్వాత నిజం చెప్పాడు. తను ఇప్పటిదాకా చేసినవన్నీ క్యాప్ పనులేనట, నాలుగు వైపుల పని ఇదే మొదటిదట. మనిషి మంచివాడే. ఇంట్లో మాట్లాడి మధ్యే మార్గం ఆలోచించాం: అడ్డంగా పైనా కిందా క్యాప్, నిలువు సందుల్లో మాత్రం స్ట్రక్చరల్. ఇది నడుస్తుందా? ఆయనకే ఇవ్వొచ్చా?

దేవరకొండ_ఫసాడ్

బాగా నడుస్తుంది, దాన్ని రెండు వైపుల పద్ధతి అంటారు. బరువు కింది బ్లాకుల మీద కూర్చుంటుంది, పైనా కిందా లోహం పట్టుకుంటుంది. నిలువు వైపుల బైట్ లెక్క మాత్రం తగ్గదు, గాలికి కావాల్సింది అంతే. అద్దం మందం కూడా ఇంజనీర్‌తో మళ్లీ చూపించండి.

ఆయనకు ఇవ్వడంలో తప్పు లేదు, ఈ కింది విషయాలు ఒప్పుకుంటే. సిలికాన్ సాసేజులు మీరే డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. 600 ఎం.ఎల్. సాసేజ్ ఒక్కటి పూర్తి నాలుగు వైపులకే రెండు అద్దాలకు వస్తుంది, అంటే 46 చదరపు అడుగులకు ఒకటి. చదరపు అడుగుకు పంచి చూడండి, స్ట్రక్చరల్ రకానికీ చౌక రకానికీ తేడా ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది. కొటేషన్ల మధ్య తేడా వచ్చింది సిలికాన్ వల్ల కాదు, వర్క్‌షాప్, క్లిప్పులు, మనుషులు, ఝూలా (బయట వేలాడదీసే పని తొట్టి) వల్ల.

ఆర్డర్ ఇచ్చేముందు మీ గ్లాస్ ముక్క, ప్రొఫైల్ ముక్క, వాడబోయే గాస్కెట్, బ్లాక్ అన్నీ సీలెంట్ కంపెనీకి పంపించండి. అతుకుతుందా, ప్రైమర్ కావాలా, గాస్కెట్ రబ్బరు దీన్ని పాడుచేస్తుందా అని పరీక్షించి కాగితం ఇస్తారు. మీ ప్రొఫైల్ పౌడర్ కోటింగ్‌దా, అనోడైజ్డా? ఏ పూతా లేని మిల్ ఫినిష్ మీద మాత్రం స్ట్రక్చరల్ అతుకు పెట్టనివ్వకండి. రిఫ్లెక్టివ్ పూత ఏ వైపు ఉందో కూడా రాయండి, సిలికాన్ పూత మీద పడితే పట్టు ఆ పూత మీద ఆధారపడుతుంది. వారంటీ కాగితం వచ్చేది ఈ పరీక్షలు జరిగితేనే.

పానగల్లు_రోడ్డు

పౌడర్ కోటింగ్, నలుపు. పూత లోపలి వైపు అన్నారు, కనుక్కుని రాస్తాను. సైట్‌లో నేను చూసుకోగలిగే పరీక్ష ఏదైనా ఉందా సార్? నాకు ఇంజనీరింగ్ రాదు.

పాలమూరు_అల్యూమినియం

ఉంది అన్నా, మేం ప్రతి పనికీ చేస్తాం. మీ ప్రొఫైల్ ముక్క మీద, గ్లాస్ ముక్క మీద అదే తుడుపు, అదే ప్రైమర్, అదే సిలికాన్‌తో జానెడు పొడవు పట్టీ వేయించండి. ముక్క మీద తారీకు, బ్యాచ్ నంబర్ రాసి నీడలో పెట్టండి. మూడు వారాల తర్వాత ఒక చివర బ్లేడుతో లేపి వెనక్కి మడిచి గట్టిగా లాగండి. సిలికాన్ మధ్యలో తెగి, కొంత ప్రొఫైల్ మీద మిగిలితే పాస్. టేప్ లాగా మొత్తం శుభ్రంగా ఊడి వస్తే ఫెయిల్, పని ఆపించండి. పాసైన ముక్కను వారం రోజులు నీళ్లలో నానబెట్టి మళ్లీ లాగి చూడండి. కొన్ని పొడిగా ఉన్నప్పుడు పాసై నీళ్లు తగిలాక ఫెయిల్ అవుతాయి.

సివిల్_ఫైనలియర్

స్పైడర్ ఫిట్టింగ్ గ్లాస్‌కి కూడా ఇదే లెక్కనా అన్నా? మా ప్రాజెక్ట్‌కి కావాలి.

దేవరకొండ_ఫసాడ్

కాదు. అక్కడ అద్దాన్ని పట్టుకునేది స్టీల్ బోల్టులు, మధ్య సందులో సిలికాన్ వెదర్ సీల్ మాత్రమే. విడిగా థ్రెడ్ పెట్టు, ఇక్కడ కలపొద్దు.

సూర్యాపేట_కాంట్రాక్టర్

పాలమూరు అన్నా, ఆ ప్రైమర్ ఎన్ని గంటలు ఆరనివ్వాలి? నాకు కోదాడలో ఒక క్యాప్ లేని పని అడుగుతున్నారు, అందుకే.

పాలమూరు_అల్యూమినియం

గంటలు కాదన్నా, చాలావాటికి నిమిషాలే. ప్రైమర్ డబ్బా మీద రాసిన టైమ్ చూడు, రకాన్ని బట్టి మారుతుంది. పలుచగా ఒక్క పూతే వెయ్యాలి, తెల్లగా పొడి లేస్తే ఎక్కువ పడ్డట్టు. డబ్బా మూత తెరిచి పెట్టొద్దు, తేమ తగిలి మడ్డి కడితే పారేయడమే. కోదాడ పని డ్రాయింగ్ ఉంటే ఇక్కడ పెట్టు, సార్ కూడా చూస్తారు.